అద్దం మీద నాలుగో వరుస

ఫిబ్రవరి 10

చెల్లీ,

నిన్న ఫోను మధ్యలో ఆగిపోయింది సిగ్నల్ పోయి కాదు. నేనే పెట్టేశాను. పెట్టేసి నీ నంబరు బ్లాక్ కూడా చేశాను. సంతోషమేనా?

“అందరి ముఖాలకీ ఒకటే క్రీము పులిమి పంపించేస్తావు” అన్నావు చూడు, ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. నువ్వు రెండు జడలు వేయించుకుని బడికి పోయే రోజుల్లో తెరిచాను ఈ పార్లర్. ఇప్పుడు నువ్వు తెల్లకోటు వేసుకుని క్రీముల కంపెనీ ల్యాబ్‌లో నిలబడేసరికి నాకు ముఖం కడగడం కూడా రాదన్నమాట. ఒకటి చెవిన వేసుకో. నా ఒంటి మీద వారం పాటు రాసుకుని చూడనిదే ఇంకొకరి ముఖం మీద చుక్క పెట్టను. అది నా నియమం. మీ ల్యాబ్‌లో ఎంతమందికి ఉంది అలాంటి నియమం?

ఫోనులో మనిద్దరం ఒకేసారి అరుస్తాం. ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఉత్తరంలో అయితే ఒకరి అరుపు అయ్యాకే ఇంకొకరు అరవాలి. కాబట్టి ఇక మీదట ఏదున్నా రాసి పంపు. ఫోను చేసినా ఎత్తను.

ఇక పని సంగతి. ముడతలు పోవాలన్నా మచ్చలు పోవాలన్నా అందరూ ఆ రెటినాల్ క్రీమే అడుగుతున్నారు. నువ్వన్నది నిజమే, ముఖాలు పొట్టు రేగుతున్నాయి. ఈ ముక్క ఒప్పుకుంటున్నానని ఎగిరి గంతెయ్యకు. పక్క బట్టల కొట్టు ఆవిడది పొడిచర్మం, పెదాల చుట్టూ తెల్లగా లేచింది. లెక్కల టీచరమ్మది జిడ్డు ముఖం, నిండా మొటిమలు. ఉత్తరాలు తెచ్చే అమ్మాయిది మరీ సున్నితం, సబ్బు మారిస్తే చాలు ఎర్రబడుతుంది. పాపం రోజూ మధ్యాహ్నం వచ్చి, సంచీ కుర్చీలో పడేసి, ఫ్యాను కింద నిలబడి మంచినీళ్ళు తాగి పోతుంది. బుగ్గల మీద నల్లమచ్చలు తనకి. అద్దంలో చూసుకుంటూ వాటి మీద వేలు పెట్టి రుద్దుతుంది, అవి చెరిగిపోతాయన్నట్టు.

రెటినాల్ బదులు మొక్కల్లోంచి వచ్చేవేవో ఉన్నాయటగా. ఏ చర్మానికి ఏది పడుతుందో పోల్చి, నాకు అర్థమయ్యేలా రాయి. అద్దం మీద అంటించుకుంటాను. నీ పాండిత్యం అక్కర్లేదు.

నీ మీద పీకలదాకా కోపంతో,
అక్క


ఫిబ్రవరి 16

అక్కా,

చెల్లెలి నంబరు బ్లాక్ చేసిన మొదటి అక్కవి నువ్వే అయి ఉంటావు. సరే, నీ మాటే కానీ. మధ్యాహ్నం అన్నం వేళలో ల్యాబ్ బల్ల మీదే రాస్తున్నాను. పక్కన క్రీము గిలక్కొట్టే మిషను తిరుగుతోంది, బల్లతోపాటు అక్షరాలూ వణుకుతున్నాయి. కోపంతో అనుకునేవు.

ముందుగా బాకుచియోల్. బావంచాల గింజల్లోంచి తీస్తారు. రెటినాల్ చేసే పనే చాలావరకు ఇదీ చేస్తుందంటారు. దాని అంత గట్టిదని ఒట్టు పెట్టి చెప్పలేను, దీని మీద జరిగిన పరీక్షలు తక్కువ. కానీ మంటా, పొట్టు లేవడం బాగా తక్కువ. రెటినాల్ అయితే రాత్రి రాసి పగలు ఎండకు దాక్కోవాలి. దీనికి ఆ గొడవ లేదు, ఎండకు భయపడక్కర్లేదు.

పొడిచర్మం: బట్టల కొట్టు ఆవిడకు బాకుచియోల్ క్రీము రాసి, పైన అడవి గులాబీ కాయల నూనె రెండు చుక్కలు. ఆ నూనె మెత్తదనం ఇస్తుంది, అంతే. అదే రెటినాల్‌తో సమానమని అమ్మేవాళ్ళు వస్తారు, గుమ్మంలోంచే పంపించెయ్యి.

జిడ్డుచర్మం: టీచరమ్మకు నూనె అన్న మాటే వద్దు. బాకుచియోల్ కలిపిన పలచటి జెల్ చాలు.

సున్నిత చర్మం: నీ ఉత్తరాల అమ్మాయికి అదే బాకుచియోల్, అందులో సగం పాళ్ళది, రోజు విడిచి రోజు. క్యారెట్ గింజల నూనె అని ఒకటి తిరుగుతోంది, ఘాటు, దాన్ని ఆమె దరిదాపులకు రానివ్వకు.

మా కంపెనీదే ఒక సీసా ఉంది, కావాలంటే పంపుతాను. వచ్చే నెల కొత్త పెట్టెలో బజారులోకి వస్తోంది.

పీకలదాకా వచ్చిన కోపం కాస్త కిందికి దిగితే చెప్పు.

చెల్లి


మార్చి 6

చెల్లీ,

అదీ సంగతి! అంత ఉత్తరం రాసి చివరికి “మా కంపెనీ సీసా పంపుతాను”. నేను నీకు అక్కనా, మీ సరుకు దింపే దుకాణాన్నా? బాకుచియోల్ ముక్కా, దాని కింది మూడు వరుసలూ కత్తిరించి అద్దం మీద అంటించాను. మీ సీసా ముక్క చెత్తబుట్టలో ఉంది.

నాకు మీ సీసా ఎందుకు? బావంచాల్లోంచి తీస్తారని నువ్వే రాశావు. మూలికల దుకాణంలో బావంచాలు బస్తాల్లో పోసి ఉన్నాయి. తెచ్చి, ఎండబెట్టి, కచ్చాపచ్చాగా దంచి, కొబ్బరినూనెలో నానబెట్టి, సన్నసెగ మీద మరిగించి, గుడ్డలో వడకట్టాను. ముదురు గోధుమరంగులో దిగింది, వాసన కొంచెం చేదు. నియమం ప్రకారం వారం రోజులు నా ముంజేతికీ దవడకీ రాసుకుని, పొద్దున్నుంచి చీకటి పడేదాకా మామూలుగా పార్లర్‌లో పని చేసుకున్నాను. దురద లేదు, ఎరుపు లేదు. పైపెచ్చు చర్మం నున్నబడింది.

టీచరమ్మకు నూనె వద్దన్నావని ఇవ్వలేదు. బట్టల కొట్టు ఆవిడ వాసన చూసి మొహం తిప్పుకుంది. ఉత్తరాల అమ్మాయికి మాత్రం చిన్న సీసా ఇచ్చాను. సున్నితం కదా, కొద్దిగానే రాసుకోమన్నాను. “మేడమ్, నేను తిరిగేది ఎండలో. పర్లేదా?” అని అడిగింది. అద్దం మీది నీ అక్షరాలు చూపించాను. “చదువుకో, ఎండకు భయపడక్కర్లేదని ల్యాబ్‌లో పనిచేసే నా చెల్లెలే రాసింది” అన్నాను. ఎంత మురిసిపోయిందో!

ఈ ఉత్తరం కూడా ఆమె సంచీలోనే బయల్దేరుతోంది.

నీ సరుకు అక్కర్లేని,
అక్క


మార్చి 11

అక్కా,

ఆపు. ముందు ఆపు, తరవాత చదువు.

నీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. నీకు ఫోను చేశాను, నా నంబరు పోదు. మిషను దగ్గర పనిచేసే అతని ఫోను తీసుకుని చేస్తే, “అక్కా” అనగానే పెట్టేశావు. మళ్ళీ చేస్తే అదీ బ్లాక్. నీ పౌరుషం తగలెయ్య!

బాకుచియోల్ వేరు, బావంచాల నూనె వేరు. ఆ గింజలో ఇంకో పదార్థం ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలుతుంది, బొబ్బలెక్కుతుంది, తరవాత నల్లగా మచ్చలు కట్టి నెలల తరబడి పోవు. దాన్ని పూర్తిగా తీసేశాకే మేము ముఖానికి వాడతాం. ఎండకు భయం లేదన్నది ఆ శుద్ధి చేసిన దాని గురించి. నీకు ఏమీ కాలేదంటే కాదు మరి! పొద్దున షట్టరు ఎత్తి లోపలికి వెళితే చీకటి పడ్డాక బయటికొస్తావు. నీ చర్మం ఎండ మొహం చూసిందెప్పుడు? ఆ అమ్మాయి రోజంతా ఎండలోనే కదా తిరుగుతుంది!

సీసా ఆమె దగ్గర్నుంచి వెనక్కి తీసుకో. ఈ క్షణమే. మామూలు తపాలా ఆలస్యమని కొరియర్‌లో పంపుతున్నాను. ఆమెకు ఇవ్వడానికి సరైన సీసా కూడా ఇందులోనే పెడుతున్నాను, అదీ ఆమె ముఖం బాగుంటేనే.

చెల్లి


మార్చి 15

చెల్లీ,

నీ కొరియర్ పొట్లం అందింది. పట్టుకుంటే లోపల సీసా గలగలలాడింది. వద్దని అంత గట్టిగా రాశాక కూడా పంపావంటే, నా మాటకు నీ దగ్గర ఉన్న విలువ తెలిసింది. విప్పలేదు. తువ్వాళ్ళ అలమారా పైన పెట్టాను. వచ్చినప్పుడు నీ సరుకు నువ్వే తీసుకుపో.

నా మనసు అసలే బాగాలేదు. రెండు రోజులుగా ఉత్తరాల అమ్మాయి రావడం లేదు. ఎవరో బట్టతలాయన వచ్చి గుమ్మంలోంచే ఉత్తరాలు విసిరి పోతున్నాడు. అడిగితే, “ఆమెకు మొహం వాచిపోయిందండీ, బుగ్గల మీద బొబ్బలు. తిన్నదేదో పడలేదంటోంది” అన్నాడు. నా నూనె వల్లేనేమో అనుకున్నాను. కానీ నూనె అయితే నాకూ రావాలి కదా. వారం రోజులు రాసుకున్నదాన్ని, నాకు చిన్న దద్దురు కూడా లేదు. తిండే అయి ఉంటుంది. మంటకు చల్లగా ఉంటుంది, నూనె మానొద్దని ఆయనతోనే కబురు పంపాను.

నీకు ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. ఇంకెవరికి రాయను?

అక్క


మార్చి 18

అక్కా,

కవరు మీద ఎర్రసిరాతో “సీసా లేదు, విప్పు” అని రాసింది నీ కోసమే.

అలమారా మీది పొట్లం విప్పు. ఈ కాగితం అక్కడ పెట్టి, వెళ్ళి అది విప్పి చదివి రా.

చదివావా? ఇప్పుడు చెప్పులు వేసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళు. “నీ ముఖం కాల్చింది నేనిచ్చిన నూనె” అని నీ నోటితో చెప్పు. తిన్నదేదో పడలేదనే మాట నీ నోట రాకూడదు. ఆమె ఇంకా అది రాసుకుంటూ ఉండి ఉంటుంది, మానొద్దని నువ్వే కబురు పంపావు. ఏం రాసుకుందో తెలియకపోతే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? పార్లర్ పేరు పోతుందని, రేపటినుంచి ఎవరూ రారని ఆలోచిస్తావు, నాకు తెలుసు నీ సంగతి. పోతే పోనీ. నీకు షట్టరుంది, దించుకోవచ్చు. ఆమె ఆ ముఖంతోనే గుమ్మం గుమ్మం తిరగాలి.

నువ్వు చెప్పకపోతే నేనొచ్చి చెబుతాను. ఆ తరవాత నీ గుమ్మం తొక్కను.

చెల్లి


మార్చి 22

చెల్లీ,

చెప్పాను.

ఆమె ఉండేది మేడ మీద ఒకే గది. కిటికీకి దుప్పటి అడ్డం కట్టి ఉంది. రెండు బుగ్గలూ పచ్చిగా, ఎర్రగా, నూనె చుక్క జారిన చోటల్లా మెడ దాకా చారలు. నన్ను చూసి లేవబోయింది. “మేడమ్, మీరెందుకొచ్చారు ఇంత దూరం?” అంటూ కుర్చీ మీద బట్టలు తీసింది. మంచం పక్కన నా సీసా, సగం అయిపోయి. నేను పంపిన కబురు అందాక పొద్దునా సాయంత్రం రాసుకుందట. నీళ్ళు నమిలాను, అబద్ధం ఎందుకు. “ఎండాకాలం కదా...” అని మొదలుపెట్టాను కూడా. ఆ సీసా చూశాక ఆ మాట అక్కడే ఆపేశాను. తరవాత చెప్పేశాను, అన్నీ, నీ పొట్లం విప్పకుండా అలమారా ఎక్కించింది కూడా.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “నేను ఎండలో తిరుగుతానని మీకు చెప్పాను కదా మేడమ్. అడిగాను కదా” అంది. తరవాత, “మీ చెల్లెలు ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదా?” అంది. నా తల తీసేసినట్టయింది. సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి తనే వెళ్ళింది, నన్ను రావద్దంది. కాలిన చోటు మానుతుందట, మచ్చలు మాత్రం ఎప్పటికి పోతాయో చెప్పలేమన్నాడట. ఉన్న మచ్చలు పోవాలని కదా వచ్చింది నా దగ్గరికి!

ఇప్పుడు ఆమెను ఉత్తరాలు వేరుచేసే గదిలో కూర్చోబెట్టారు. ఆ గదికి కిటికీ లేదు. వీధులు తిరగడమంటే ఇష్టం తనకి.

నా కోపం ఎవరి మీద చూపించను? నీ మీదా ఉంది, విను. గింజ వేరు, మందు వేరు అన్న ఒక్క వాక్యం నీ మొదటి ఉత్తరంలో రాస్తే నీ సిరా అయిపోయేదా? క్యారెట్ నూనె గురించి రాయడానికి చోటుందే! అక్కకు వంట గరిటె చేతిలో ఉంటుందని, దేన్నైనా మరిగిస్తుందని నీకు తెలియదా?

నేను నా నియమం సరిగ్గా పాటించలేదు. నిన్న ఆ నూనె ముంజేతికి రాసుకుని, పార్లర్ బయట ఎండలో స్టూలేసుకుని కూర్చున్నాను. ఇవాళా కూర్చుంటాను. వచ్చేపోయేవాళ్ళు చూసుకోనీ.

అక్క


మార్చి 27

పిచ్చి అక్కా,

నీ చెయ్యి కాల్చుకుంటే ఎవరికి లాభం? లోపలికి పో. ఇది చేరేసరికి ఎలాగూ కాలే ఉంటుంది. మంటగా ఉంటే చల్లటి నీళ్ళగుడ్డ వెయ్యి, కప్పుకో, డాక్టరుకు చూపించు.

నీ తిట్టు నాకు తగిలింది. తగలాల్సిందే. ఎండకు భయపడక్కర్లేదని రాసింది నేనే, ఆమెను నమ్మించింది నా అక్షరాలే.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను. కొత్త పెట్టె నమూనా బల్ల మీదే ఉంది. పెట్టె మీద బావంచాల గింజల గుప్పెడు బొమ్మ, దాని కింద “మొక్క నుంచి వచ్చింది, ఎండకు భయం లేదు”. ఇది చూసి ఎవరైనా గింజలు కొనుక్కుని దంచుకుంటే? అని అడిగాను. నవ్వాడు. “అలా ఎవరు చేస్తారండీ?” అన్నాడు. మా అక్క చేసిందన్నాను. “మీ అక్కగారు చదువుకోలేదా?” అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “చదివింది సార్. నేను రాసిందే చదివింది” అని అరిచాను. గాజు గది కదా, ల్యాబ్ అంతా తలెత్తి చూసింది. గింజలు నేరుగా ముఖానికి వాడకూడదని ఒక్క వాక్యం వెయ్యమన్నాను. పెట్టె మీద చోటు లేదన్నాడు. ఆ వాక్యం పడేదాకా పరీక్ష కాగితం మీద సంతకం పెట్టనని చెప్పి వచ్చేశాను. నా సంతకం లేకుండా పెట్టె బజారుకు పోదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ప్రస్తుతానికి ఎవరూ నాతో మాట్లాడటం లేదు, నాకూ మాట్లాడాలని లేదు.

నువ్వు మాత్రం లోపలికి పో.

చెల్లి


ఏప్రిల్ 3

చెల్లీ,

నీ ఉత్తరం తెచ్చింది ఎవరనుకున్నావు? తనే. వెడల్పు టోపీ, ముఖానికి చున్నీ, చేతులకు తొడుగులు. కిటికీ లేని గదిలో ఊపిరాడటం లేదని పోట్లాడి వీధుల్లోకి వచ్చేసిందట, సాయంత్రం బట్వాడా మాత్రం చేస్తోంది.

నేను స్టూలు మీదే ఉన్నాను. ముంజేయి అప్పటికే బొబ్బలెక్కి ఉంది. చూసి దగ్గరికొచ్చింది. నాకు లోపల ఎక్కడో ఒక ఆశ, “అయ్యో మేడమ్” అంటుందేమోనని. చున్నీ కిందికి లాగి, “ఏంటిది? మీ చెయ్యి కాలితే నా మొహం బాగవుతుందా? ఇప్పుడు మీ మీద జాలి కూడా నేనే పడాలా?” అంది. వీధంతా వినపడేలా అంది. బుగ్గల మీద నల్లగా చారలు, మునుపటి మచ్చలు వాటి కింద కలిసిపోయాయి. బట్టల కొట్టు ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూస్తోంది. నేను స్టూలు తీసుకుని లోపలికొచ్చేశాను.

నా వెనకే వచ్చింది. కూర్చోలేదు, నీళ్ళిస్తే తాగలేదు. నేరుగా అద్దం దగ్గరికి వెళ్ళింది. నువ్వు రాసిన కాగితం ఇంకా అక్కడే ఉంది, ఇన్నాళ్ళూ తియ్యాలని నాకు తోచనేలేదు! చించేస్తుందనుకున్నాను. చించలేదు. “పొడి, జిడ్డు, సున్నితం” అని పైకి చదివింది. “నాది ఇందులో ఏదనుకున్నారు మేడమ్?” అంది. సున్నితం అన్నాను. “సున్నితమే. కానీ నేను రోజంతా ఉండేది ఎక్కడ? అది మీ కాగితంలో లేదు. మీ చెల్లెలూ అడగలేదు, మీరూ అడగలేదు. నేను చెప్పినా చెవికెక్కించుకోలేదు.”

సంతకాలు పెట్టించుకునే పెన్ను చెవి మీద నుంచి తీసి, “ఎండకు భయపడక్కర్లేదు” మీద అడ్డంగా గీత కొట్టింది. కింద, నీ మూడు వరుసల తరవాత, నాలుగో వరుస తనే రాసింది. రాసి, నీ ఉత్తరం నా చేతికిచ్చి, “ఇక మీ ఇద్దరి గొడవలు నా సంచీలో మోయను. ఫోన్లు ఉన్నాయిగా” అని వెళ్ళిపోయింది. మళ్ళీ లోపలికి వస్తుందని నేననుకోను. క్షమించలేదు, క్షమించమని అడిగే మొహమూ నాకు లేదు. పార్లర్‌కి ఈ వారం టీచరమ్మ ఒక్కతే వచ్చింది, అదీ నాలుగో వరుస చదివి, నేను ఏమీ రాయకముందే తన సంగతి తనే చెప్పింది.

ఆమె రాసింది ఉన్నదున్నట్టు కింద దింపుతున్నాను. మీ మేనేజరు బల్ల మీద పెట్టు. పెట్టె మీద చోటు లేదంటే, ఆ గింజల బొమ్మ తీసేస్తే కావలసినంత చోటని చెప్పు.

“ఎండలో పనిచేసే చర్మం: ఏదైనా రాసే ముందు, పగలంతా ఎక్కడుంటావని అడగండి. చెబితే వినండి.”

నీ నంబరు బ్లాక్ తీసేశాను. ఫోన్ చెయ్యి. అరవాల్సింది ఇంకా చాలా ఉంది, ఈసారి పెట్టెయ్యను.

అక్క